ఏడో మేక ప్రశ్నలో లేదు

ఇంగ్లీషు పాసేజీని చదవడం వల్ల పశ్చిమ ప్రకాశంలో ఏటా ఎంతమంది టీచరు ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారో కనిపెట్టిన మహానుభావుడు ఇంతవరకు ఒక్కరే. ఆయన పేరు కరుణాకరం. మార్కాపురంలో పాత పలకల గోడౌను మేడ మీద ఆయన నడిపే కోచింగ్ సెంటరు గోడకు ఆ సత్యం ఎర్రరంగుతో రాసి ఉంటుంది: 'పాసేజీ చదవరాదు'. (పక్కనే 'ఉమ్మివేయరాదు' అని కూడా ఉంది గానీ, దాని అమలు అంత గట్టిగా లేదు.)

కరుణాకరం సారు ఊరికే చెప్పే మనిషి కాదు. ఐదుసార్లు డీఎస్సీ రాశారు. ఐదుసార్లూ పాసేజీని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివారు, అందులోని మనుషుల మీద జాలిపడ్డారు, తల ఎత్తేసరికి గంట కొట్టేశారు. ఆరోసారికి వయసు దాటిపోయింది. ఆ కడుపుమంటలోంచి పుట్టిందే పలక పద్ధతి.

పద్ధతి బహు సులువు. పాసేజీ మీద పలక బోర్లించాలి. ముందు ప్రశ్న చూసి, అందులో బరువైన మాట ఒకటి పట్టుకోవాలి. పలకను వేలెడంత జరిపి, ఆ మాట ఆకారం ఎక్కడుందో వెతికి, దాని పక్కనున్నదాన్ని జవాబుగా లాక్కుని, మళ్లీ మూసేయాలి. మాట దొరక్కపోతే అన్నిటికన్నా పొడుగు ఆప్షన్ పెట్టాలి. కంప్యూటర్ పరీక్షకు పలక తేనివ్వరు కాబట్టి చివరి నెలంతా ఎడమ అరచేత్తో సాధన. (ఒకప్పుడు ఈ ఊరి పలకల మీద ఎన్నో ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఇప్పుడు ఖాళీగా పడున్న వాటికి ఏదో ఒక పని దొరికింది, సంతోషించాలి.)

ఇంత చక్కటి వ్యవస్థలోకి గోపిక వచ్చి పడింది.

త్రిపురాంతకం పక్క పల్లె నుంచి రోజూ బస్సెక్కి వచ్చే గోపికకు ఇది మూడో ప్రయత్నం. పోయినసారి అర మార్కులో పోయింది. "ఈసారి గూడ రాకుంటే మిరప కోతలకు పోదువుగాని తల్లీ, నాకూ తోడుంటావు" అని వాళ్ల నాయన మల్లయ్య నవ్వుతూనే అన్నాడు గానీ, ఆమెకు నవ్వు రాలేదు. తెలివికి లోటు లేని పిల్ల. ఉన్న లోపం ఒక్కటే, పలక ఎత్తి చదువుతుంది.

ఆ వారం పాసేజీలో ఒక కొండ ఊరి ముసలమ్మకు ఏడు మేకలు. సాయంత్రం ఆరే తిరిగొచ్చాయి. ముసలమ్మ లాంతరు పట్టుకుని కొండదారిన పోయింది. మలుపు దగ్గర ఏదో చప్పుడై ఆగింది. అంతే, అక్కడితో పాసేజీ అయిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి: మేకలెన్ని, కొండకు సమానార్థక పదమేది, తగిన శీర్షిక ఏది.

చదవడం ఒక తప్పయితే, ఇంటికి పోయి చేసింది ఇంకా పెద్ద తప్పు. పదకొండు మేకలు మేపుకునే వాళ్ల అవ్వ పాపమ్మకు ఆ కథ తెలుగులో చెప్పింది.

"ఆ యెనక?" అంది పాపమ్మ.

"అంతే అవ్వా. ఐపోయింది."

"ఐపోయేదేందే? మేక దొరికిందా లేదా?"

"అది ఇయ్యలా."

"ముసిల్దాన్ని కొండలో నిలబెట్టి ఇంటికి పోయినాడా రాసినోడు! వాని చేతులు పడిపోను! రేపు మీ సారును అడుగు."

మరునాడు ముప్పైమంది ముందు గోపిక లేచి నిలబడింది. "సార్, ఏడో మేక దొరికిందా సార్?"

కరుణాకరం సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ప్రశ్నలో ఉందా అమ్మా?"

"లేదు సార్."

"ప్రశ్నలో లేని మేక లేనట్టే. కూర్చో."

ఆమె కూర్చుంది గానీ, రోగం అప్పటికే అంటుకుంది. వారం తిరక్కుండా హెప్సిబా అనే అమ్మాయి, ఆ చప్పుడు చిరుతపులిది కాదు గదా సార్, అని అడిగింది. వెనక బెంచీలో ఇద్దరు మేక ఈనడానికి పొదల్లోకి పోయి ఉంటుందని వాదించుకుంటూ పట్టుబడ్డారు. పరిస్థితి చేయి దాటక ముందే సారు 'కుతూహల నివారణ సంఘం' వేశారు. దానికి అధ్యక్షుడు జీవన్ కుమార్. (రెండేళ్లలో ఒక్క పాసేజీ కూడా చదవలేదని రుజువైన ఏకైక అభ్యర్థి. గిట్టనివాళ్లు, అతనికి చదవడం రాదంటారు.) అతను వరుసల మధ్య తిరుగుతూ పెదాలు కదిపినవాళ్లను వరండాలోకి పంపేవాడు. 'పాపం' అని ఎవరన్నా గొణిగితే వాళ్ల పేరు రాసుకునేవాడు. గోపికను గోడకు ముఖం పెట్టి విడిగా కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం భాషా బోధన పద్ధతుల క్లాసు. ఝాన్సీ మేడం ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేది.

"పఠనం ముఖ్య లక్ష్యమేంది?"

"ఆనందం మేడం! ఆప్షన్ సి!" అని ముప్పై గొంతులు ఒక్కసారిగా లేచేవి. ముప్పై పలకలూ పాసేజీల మీద కదలకుండా ఉండేవి.

మూడు నెలలకు గోపికకు నయమైంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు ఆకారాలుగా మాత్రమే కనబడసాగాయి. పాపమ్మ మాత్రం రోజూ గిన్నె కడుగుతూనో మేకకు మేత వేస్తూనో ఆ సంగతి ఎత్తేది. "ప్రశ్నలో లేదవ్వా" అని గోపిక విసుక్కునేది.

పరీక్ష రోజు వచ్చింది. కంప్యూటర్ తెర మీద పాసేజీ తెరుచుకుంది. ఎడమ చెయ్యి దానంతటదే లేచింది గానీ, మూసేలోపల మొదటి వాక్యం కళ్లబడింది. మలుపు దగ్గర ముసలమ్మ లాంతరు ఎత్తి చూసింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అదే ముసలమ్మ! అదే కథ, మిగతా సగం! (పేపరు చేసిన పెద్దమనిషి దగ్గర కూడా ఆ ఒక్క పుస్తకమే ఉన్నట్టుంది.) కింద పన్నెండు లైన్లున్నాయి. ఏడో మేక ఆ పన్నెండు లైన్లలో ఎక్కడో ఉంది. చదవాలని గోపిక ప్రాణం కొట్టుకుంది. తెర మూలన గడియారం చూసింది. పంతొమ్మిది నిమిషాలు, ముప్పై ఎనిమిది ప్రశ్నలు. పోయినసారి పోయిన అర మార్కు గుర్తొచ్చింది. మిరప చేలో నాయన వంగిన నడుము గుర్తొచ్చింది. అరచెయ్యి తెరకు ఆనించింది. నాలుగు జవాబులు వేళ్ల సందుల్లోంచి దొరికాయి, ఐదోదానికి పొడుగు ఆప్షన్ పెట్టింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పాపమ్మ దొడ్డి దగ్గర మేకలకు తుమ్మకాయలు వేస్తోంది.

"ఏం వచ్చినాయే పరీచ్చలో?"

"మన మేక కతే వచ్చింది అవ్వా. మిగతాది."

పాపమ్మ చేతిలో కాయలు అక్కడే వదిలేసింది. "దొరికిందా?"

"ఐదుకు ఐదూ వస్తాయి అవ్వా."

"అది కాదే. మేక."

"చదవలా అవ్వా."

పాపమ్మ దొడ్డిలోకి పోయి తన మేకలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

ఐదుకు ఐదూ వచ్చాయి, ఉద్యోగమూ వచ్చింది. మల్లయ్య వాడంతా మిఠాయి పంచాడు. కోచింగ్ సెంటరు ముందు 'పలక ఎత్తకుండానే టీచర్' అని గోపిక ఫోటోతో ఫ్లెక్సీ లేచింది. కురిచేడు వైపు ఒక చిన్న బడిలో ఆమెకు మూడో తరగతి ఇచ్చారు. కాంప్రహెన్షన్‌లో నిండు మార్కులున్నాయి కాబట్టి, పిల్లల్లో చదివే ఆసక్తి పెంచే 'పఠనానందం' పథకాన్ని కూడా ఆమెకే అప్పగించారు.

మొదటి రోజు ఏం చెప్పాలో తోచక, గోపిక ఏడు మేకల కథ చెప్పింది. ముసలమ్మను కొండ ఎక్కించింది, మలుపు దగ్గర చప్పుడు చేయించింది, లాంతరు కూడా ఎత్తించింది. ఆపైన ఆమెకు తెలియదు గనక ఆపేసింది. ఇరవై రెండుమంది నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ముందు వరసలో దీవెన అనే పిల్ల ఉండబట్టలేక లేచి నిలబడింది.

"మేక దొరికిందా టీచర్?"

గోపిక ఎంతో ప్రేమగా ఆ పిల్ల తల నిమిరింది.

"ప్రశ్నలో ఉందా అమ్మా?"

పిల్లలు చురుకైనవాళ్లు. రెండో రోజు నుంచి ఎవరూ అడగలేదు.