మాయమైన రెండువందల పద్నాలుగు మంది టీచర్లు

“నాకు అంతుచిక్కని నేరం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!” అని ప్రకటించి, ‘లాగండి’ అని రాసున్న తలుపును రెండు నిమిషాలు నెట్టి, చివరికి నేను తీస్తే లోపలికొచ్చాడు ఎల్యుటేరియో.

వాడు నా చిన్ననాటి స్నేహితుడు. గొడుగులు బాగుచేయడం వృత్తి. డిటెక్టివ్‌గిరీ వెలగబెట్టి నా ప్రాణం తీయడం ప్రవృత్తి.

నేను ఇలోయిలో పట్నంలో ఓ స్కూళ్ల సంఘంవారి కంప్యూటర్ నడుపుతాను. గదంతా ఆక్రమించిన ఆ యంత్రానికి పొద్దున రెండు కార్డుల కట్టలు మేపాను. మనిషికో చిల్లుల కార్డు; ఆ చిల్లులే ఆ మనిషి నంబరు. ఒక కట్టలో మా టీచర్లందరూ, రెండోదాంట్లో సెలవులయ్యాక ఈ జూన్‌లో మళ్లీ డ్యూటీలో చేరినవాళ్లు. రెండింటిలోనూ ఉన్నవాళ్లను ఒకవైపు, చేరనివాళ్లను ఇంకోవైపు వేరుచేయాలి. చేసింది. చేరనివాళ్లు రెండువందల పద్నాలుగు మంది! సాయంత్రం నాలుగింటికి వాళ్ల ఉద్యోగాలు వేరేవాళ్లకిచ్చేస్తానంది మా డైరెక్టరమ్మ. జాబితాలో పన్నెండో పేరు నా భార్య పెర్పెటువాది.

“కిడ్నాప్!” అన్నాడు ఎల్యుటేరియో, కళ్లు చికిలించి. “దీని వెనకాల అంతర్జాతీయ ముఠా ఉంది.”

“ఒరేయ్, మా ఆవిడ పొద్దున్నే బడికెళ్లిందిరా.”

“వెళ్లినట్టు నీకనిపించింది.”

అంతలో పెర్పెటువాయే వచ్చింది, నాకోసం వేడివేడి బాచోయ్ సూపు గిన్నెతో.

“కదలకు!” అని అరిచాడు ఎల్యుటేరియో. “పెర్పెటువాను ఎక్కడ దాచావ్?”

“నేనే కదా అన్నయ్యా!”

“అబద్ధం! కాగితం ప్రకారం నువ్వు లేవు.”

“కాగితం ప్రకారం నేను లేకపోతే పోనీ, మీ బుర్రలో మెదడైనా ఉందా?”

“మారువేషం!” అంటూ వాడు ఆమె కొప్పు లాగబోయాడు. ఆమె గరిటె ఎత్తింది. వాడు వెనక్కి గెంతి రెండో కట్ట మీద పడ్డాడు. రెండువేల కార్డులు గాల్లోకి లేచాయి.

టైము మూడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ముగ్గురం నేలమీద పాకుతూ ఏరాం. అంతా చిందరవందరైంది గనక ఆ కార్డుల్ని వరసపెట్టే మిషన్లో పోసి, నంబర్ల ప్రకారం సర్ది, రెండు కట్టలూ మళ్లీ మేపాను.

ఈసారి చేరనివాళ్లు ఇద్దరే! ఒకామె పురిటికెళ్లింది, ఒకాయన రిటైరయ్యాడు.

అప్పుడు వెలిగింది నాకు. యంత్రం ఒక్కో కట్టలోంచి ఒక్కో కార్డు తీసి నంబర్లు పోల్చుకుంటూ ముందుకే పోతుంది, వెనక్కి చూడదు. వరస తప్పితే ఉన్నవాళ్లు కూడా లేనట్టే లెక్క. గిమారస్ దీవి బడుల నుంచి ఆలస్యంగా వచ్చిన కార్డుల్ని, వరస చూడకుండా, రెండో కట్ట మీద పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

నాలుగింటికి డైరెక్టరమ్మ వచ్చి కొత్త జాబితా చూసి తెల్లబోయింది. “ఎవరు పట్టుకున్నారీ తప్పు?”

ఎల్యుటేరియో చొక్కా దులుపుకున్నాడు. “నేనే మేడమ్. ఒక్క దెబ్బతో ముఠానంతా చెల్లాచెదురు చేసేశాను.”

నా తప్పు బయటపడకూడదంటే వాడు మేధావి కావడమే మేలు. అందుకే మొదట చప్పట్లు కొట్టింది నేనే.