సాకియూసా ముక్కులో దూది

ఆ శనివారం పొద్దున కెలెరా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మొగుణ్ణి వరండాలో పడక్కుర్చీలో పడుకోబెట్టాలి, నౌసోరి మార్కెట్టుకి వెళ్ళి చేమదుంపల బస్తాలు అమ్ముకుని రావాలి. తను తిరిగొచ్చేదాకా మొగుడు నవ్వకూడదు. అంతే.

నవ్వకూడదన్నది డాక్టరు మాట. మొగుడు సాకియూసా బస్సు డ్రైవరు. కుర్రతనంలో రగ్బీ ఆడి ముక్కు పచ్చడి చేసుకున్నాడు. ఆ ముక్కుతో అతను పెట్టే గురక వునిమాంగో ఊరికి ఆస్తి లాంటిది. రేవా నదికి అవతల పడవవాళ్ళు అది విని, వాన వస్తోందేమోనని ఆకాశం చూసేవాళ్ళు. గురక ఒక్కటే అయితే ఊరు సర్దుకుపోయేది. కానీ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అది. రాత్రి నిద్రలేని మనిషి పగలు ఎర్రలైటు దగ్గర బస్సాపి, స్టీరింగు మీద తల పెట్టి హాయిగా పడుకున్నాడు. వెనక జనం దిగి వచ్చి లేపాల్సొచ్చింది.

ఊపిరి కోసం గాలి కొట్టే మిషను ఇచ్చారు. మూసుకుపోయిన ముక్కులోకి గాలి పోతేగా. అది మంచం కింద చేరింది. చివరికి బస్సుల ఓనరు చిన్నప్ప నాయుడు తాళం లాగేసుకున్నాడు. "ముక్కు బాగు చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే బస్సెక్కు. లేదంటే ఇంట్లో కూర్చుని కొబ్బరికాయలు ఒలుచుకో" అన్నాడు.

అలా ఆపరేషనైంది. డాక్టరు పంపేటప్పుడు గట్టిగానే చెప్పాడు. "చీదొద్దు. వంగొద్దు. గట్టిగా నవ్వొద్దు. దూది సోమవారం తీస్తా. అప్పటిదాకా మిషనుకి ముక్కు గొట్టం కాదు, నోటికి పెట్టుకునే ఈ తొడుగు వాడు. తల ఎత్తు మీద పెట్టి పడుకో. మధ్యలో రక్తం కారిందా, మళ్ళీ మొదటికొస్తాం. బస్సు సంగతి ఇక మర్చిపో."

వచ్చిన చిక్కల్లా కాపలా మనిషితోనే. ఊరంతా స్కూలుకి డబ్బు పోగెయ్యడానికి పెట్టిన బజారుకి పోయింది. మిగిలింది మనోవా ఒక్కడే. సాకియూసాకి మేనత్త కొడుకు, అంటే బావ. బావల మధ్య హాస్యానికి అక్కడ అడ్డూ ఆపూ లేదు. మనోవా అయితే ఆ హక్కుని చిన్నప్పట్నించి ఒక్క పూట కూడా వృథా పోనివ్వలేదు.

"అన్నయ్యా, నిన్ను నమ్మి వెళ్ళడం పిల్లికి ఎండుచేపలు అప్పజెప్పడమే" అంది కెలెరా.

"నేనేం చేశానమ్మా?"

"పోయినేడు ఆయనకి పక్కటెముక విరిగినప్పుడు ఏం చేశావు?"

"పలకరించాను."

"ఆ పలకరింపుకే రెండోది విరిగింది."

"చెల్లెమ్మా, ఇవాళ నోరు తెరిస్తే నా ముందుపళ్ళు ఊడిపోనీ."

"అవి ఊడి ఎన్నాళ్ళయిందో. వేరే ఒట్టు పెట్టు."

మనోవా నిజంగానే తల్లి మీద ఒట్టు పెట్టాడు. బావకి ఆ బస్సంటే ఎంత ప్రాణమో అతనికి తెలుసు. నాయుడు కొత్తగా తెప్పించిన నీలం బస్సు షెడ్డులో ఉంటే, సాకియూసా రోజూ వెళ్ళి దాని అద్దాలు ఊరికే తుడిచి వచ్చేవాడు. సోమవారం గనక చెడితే ఆ బస్సే కాదు, పాత డొక్కు బస్సు కూడా చేతికి రాదు.

కెలెరా ఎండ పడకుండా వరండా ముందు టార్పాలిన్ పందిరి కట్టించి ఉంచింది. బూజు పట్టిన చాపలన్నీ దండెం మీద ఆరేసింది. మొగుడికి నోటి తొడుగు మీదుగా ముక్కు కింద దాకా తెల్ల దుప్పటి కప్పి, ఈగలు వాలకుండా దోమతెర దింపి, మిషను ఆన్ చేసి, బస్తాలెత్తుకుని పోయింది.

ఆపరేషనయ్యాక కంటికి కునుకు లేని సాకియూసా ఆ మెత్తటి గాలికి ఇట్టే నిద్రలోకి జారిపోయాడు. గురక లేదు. మనోవాకే భయమేసింది. దగ్గరికెళ్ళి పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. లేస్తోంది, దిగుతోంది. తన ఫోను మోగితే బావ లేస్తాడని దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. వచ్చి పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే రుసియాతే నడుపుతున్న బస్సు ఆ దారిన వచ్చింది. అతనూ నాయుడు దగ్గర డ్రైవరే, మెత్తని మనిషి. ఎలా ఉన్నాడో చూద్దామని బస్సు నెమ్మది చేసి చూస్తే ముందు పందిరి కనబడింది. పందిరి పక్కన చాపలు, అక్కడ చావింటికి రెండూ ఉండాల్సినవే. తెర వెనక తెల్ల దుప్పటి, ముక్కులో దూది. ఇంజను ఆపి విన్నాడు. గురక లేదు. అన్నిటికంటే ముఖ్యం, పక్కనే మనోవా నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు. పైగా శబ్దం చెయ్యొద్దని పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. మనోవా నోరు మూయించగలిగేది లోకంలో ఒక్క చావే అని రుసియాతే నమ్మకం. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కళ్ళు తుడుచుకుంటూ బస్సు పోనిచ్చాడు.

'పలకరింపుకొచ్చి అలా ఏడుస్తాడేంటి, పిచ్చోడు' అనుకున్నాడు మనోవా.

బస్సు ఆగిన ప్రతిచోటా కబురు దిగింది. మొదటి స్టాపులో సాకియూసా పోయాడు. వంతెన దగ్గరికొచ్చేసరికి ఆపరేషను బల్ల మీదే పోయాడు. నౌసోరి చేరేసరికి చివరి మాటగా బస్సు పేరే పలికి పోయాడు. ఎవరో అతని రగ్బీనాటి ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి.

మార్కెట్టులో అనాసపళ్ళావిడ కెలెరాని వాటేసుకుని భోరుమంది. కెలెరా తొణకలేదు. "పొద్దున టీలో చక్కెర తక్కువైందని గొణిగాడు. గొణిగేంత ఓపికున్నవాడు ఇంతలోకే పోడు" అంది. అయినా మనోవాకి ఫోను చేసింది. అది బియ్యంలో మోగింది. ఇంటికి పోదామని స్టాండుకి వస్తే ఒక్క బస్సూ కదలడం లేదు. పోయిన డ్రైవరు మీద గౌరవంతో నాయుడు ఆ దారి బస్సులన్నీ ఆపేయించాడట.

ఇక్కడ మనోవా వంటింట్లో టీ కాచుకుని, కప్పుతో వరండాలోకి వచ్చి బిగుసుకుపోయాడు. పందిరి కింద జనం. సాకియూసా తల్లి పుట్టింటి ఊరు మొత్తం లారీలో దిగి, నల్లబట్టలు కట్టుకుని, తలలు వంచుకుని చాపల మీద కూర్చుని ఉంది. వెనక కొత్త చాపల కట్టలు, చేమదుంపల మోపులు, కాళ్ళు కట్టేసిన పంది. ముందు మేనమామ ఇలాయిసా. ఆయన రెండు చేతుల మీదా, చావుకీ పెళ్ళికీ మర్యాదగా ఇచ్చే తిమింగలం పన్ను అప్పటికే పైకి లేచింది.

ఆ పన్ను లేచాక, పట్టినవాడి మాట పూర్తయ్యేదాకా మధ్యలో నోరు పెట్టినవాణ్ణి ఆ నేల మీద మనిషి కింద లెక్కెయ్యరు. ముసలాయన కళ్ళు దించుకుని మొదలుపెట్టాడు. "మా ఆడపడుచు కడుపున పుట్టినవాడు, మా మేనల్లుడు. మా ఊరికొస్తే మేనల్లుడి హక్కుగా అడక్కుండా కోళ్ళు పట్టుకుపోయేవాడు. ఇవాళ పట్టుకుపోయేవాడు లేక మా కోళ్ళు దిక్కులేనివయ్యాయి."

మనోవాకి పొట్టలో నవ్వు పొర్లింది. తల్లిని తలుచుకుని మింగాడు. ఆ మాట ముగిసేలోగా అతని బుర్ర గబగబా తిరిగింది. ఇప్పుడు బతికే ఉన్నాడంటే ఏమవుతుంది? ఇంతమందీ గొల్లుమంటారు. బావ లేస్తాడు. జరిగింది వింటాడు. విన్నాక నవ్వకుండా ఉండడం దేవుడి వల్ల కూడా కాదు. దూది ఎగిరి నదిలో పడుతుంది, దాని వెనకే బస్సు. అంచేత మనోవా ముందుకు పాకి, పన్ను అందుకుని, ముద్దుపెట్టుకుని, పుచ్చుకుంటున్నట్టు వీలైనంత గుసగుసగా చెప్పాడు. "ఒక్క మనవి మావయ్యా. ఇక్కడ ఏడుపులు వద్దు. మెల్లగా మాట్లాడుకోండి. మా బావకి గోలంటే పడదు."

"పాపం, బతికున్నప్పుడూ అంతే" అన్నాడు ముసలాయన. "మరి పందికి ఎవరు చెప్తారు?"

పందిని ఇంటి వెనక్కి మోసుకెళ్ళి దుంపలు పెట్టారు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి చర్చి పాటల బృందం బజారు వదిలేసి వచ్చింది. రుసియాతేతో సహా డ్రైవర్లందరూ వచ్చారు. చివర్లో చిన్నప్ప నాయుడు కారులోంచి పెద్ద పూలచక్రంతో దిగాడు. ఆయన వెంట మైకు, దాన్ని మోసే మనిషి. నలుగురు చేరినచోట నాయుడు మైకు లేకుండా మాట్లాడినట్టు ఎవరూ ఎరగరు. మనోవా ఎంత బతిమాలినా వినలేదు, గొంతు మాత్రం కాస్త తగ్గించాడు.

"సాకియూసా లాంటి డ్రైవరు నాకు మళ్ళీ దొరకడు. నేనే వాణ్ణి బాధపెట్టాను. తాళం లాక్కున్నాను" అని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అప్పుడు మనోవాలో నిద్రపోతున్న దెయ్యం ఒక కన్ను తెరిచింది. మోకాళ్ళ మీద ముందుకు జరిగి, అతి వినయంగా అన్నాడు. "ఓనరు గారూ, మా బావ బతికుండగానే మీరు ఆ నీలం బస్సు ఇచ్చుంటే ఎంత మురిసిపోయేవాడో."

"ఇచ్చేవాణ్ణి మనోవా. ఇప్పుడు లేచొచ్చినా ఇస్తాను. తాళం నా చేత్తో వాడి చేతిలో పెడతాను."

"వెనకాల వాళ్ళకి వినపడలేదండి. కాస్త మైకులో."

నాయుడు మైకులో చెప్పాడు. తిమింగలం పన్ను మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. చెప్పిన మరుక్షణం మైకు బ్యాటరీ అయిపోయింది. మోసేవాడు కరెంటు కోసం వరండా అంతా వెతికి, గోడకున్న ఒకే ఒక్క ప్లగ్గులోంచి ఏదో వైరు పీకి, తన వైరు పెట్టాడు. మైకుని తీసుకొచ్చి పడక్కుర్చీ పక్కన స్టాండులో నిలబెట్టాడు.

గాలి ఆగింది. తెర వెనక ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఊపిరి అందని సాకియూసా నిద్రలోనే నోటి తొడుగు పీకేశాడు. ఆ వెంటనే వునిమాంగో ఊరి పాత గురక, తాతలనాటి పడవ ఇంజను రాజుకున్నట్టు, మైకులోంచి లేచి నది మీదుగా వెళ్ళి అవతలి ఒడ్డుకి తగిలి తిరిగొచ్చింది.

దాన్ని గుర్తుపట్టనివాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. తన గురక తనకే వినబడి సాకియూసా లేచి కూర్చున్నాడు. తెర ఎత్తాడు. మెడలో గొట్టం ఏనుగు తొండంలా వేలాడుతోంది. ఎదురుగా నల్లబట్టలు, చాపలు, ఓనరు, పూలచక్రం.

"ఎవరు పోయారు?" అన్నాడు దూది ముక్కుతో.

"నువ్వే బావా" అన్నాడు మనోవా.

ముందు మేనమామ భుజాలు కదిలాయి. తర్వాత పాటల బృందంలో ఆడవాళ్ళు. చూస్తుండగానే పందిరంతా పొర్లి పొర్లి నవ్వుతోంది. సాకియూసా పొట్ట అదరడం మనోవా చూశాడు. బుగ్గలు ఉబ్బాయి. దూది అంచు వణికింది. సోమవారం, బస్సు, బావ మొహం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నవ్వకుండా ఆపాల్సిన పని మనోవాకి పడింది.

మైకు లాక్కుని, తనకి తెలిసిన వాటిల్లోకెల్లా ఏడుపు పాట అందుకున్నాడు. శవం ఇల్లు కదిలేటప్పుడు పాడే పాట. "పాడండర్రా, వాడు నవ్వితే చచ్చాడన్నమాటే" అని అరిచాడు మధ్యలో. బృందానికి అర్థమైంది. మగగొంతులు కిందనించి పట్టుకున్నాయి, ఆడగొంతులు పైనించి. నవ్వు కన్నీళ్ళతోనే అందరూ ఆ పాట పాడారు. ఆ పాట తన తల్లి పోయినప్పుడు పాడిన సంగతి సాకియూసాకి గుర్తొచ్చింది. బుగ్గలు దిగాయి. కళ్ళు నిండాయి. రెండు చరణాలు అయ్యేసరికి అతను తన చావుకి తానే నిశ్శబ్దంగా ఏడుస్తున్నాడు.

సరిగ్గా మూడో చరణం దగ్గర కెలెరా చెరకు లారీ దిగింది. మార్కెట్టులో తొణకని మనిషి, ఆ పాట చెవిన పడగానే చెప్పులు వదిలేసి పరుగెత్తింది. జనాన్ని తోసుకుని వచ్చి చూస్తే మొగుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె గడ్డం పట్టుకుని ముక్కు కింద చూసింది. పొడిగా ఉంది. అప్పుడు నేల మీద చతికిలబడింది. అక్కణ్ణించే మనోవా వైపు తిరిగింది.

"నోరు తెరవనని ఒట్టు పెట్టావు."

"మాట్లాడలేదు చెల్లెమ్మా. పాడాను."

ఇక మిగిలింది లెక్క తేల్చడం. తెచ్చిన చాపలూ పందీ వెనక్కి తీసుకెళ్ళమని సాకియూసా బతిమాలాడు. ఇలాయిసా ఒప్పుకోలేదు. "పన్ను పెట్టి ఇచ్చింది వెనక్కి తీసుకోం. నువ్వు మేనల్లుడివి. ఎప్పుడూ నువ్వొచ్చి ఎత్తుకుపోయేవాడివి, ఈసారి మేమే మోసుకొచ్చాం. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకో. నీ చావుకి మేము వచ్చేశాం. మళ్ళీ రాం."

నాయుడు పూలచక్రం కారులో పెట్టుకుంటూ మెల్లగా జారుకోబోయాడు. మనోవా దారికి అడ్డంగా నిలబడలేదు, ఊరికే పక్కన నిలబడ్డాడు.

"అది పోయినవాడి గురించి చెప్పిన మాట మనోవా" అన్నాడు నాయుడు.

"లేచొస్తే అన్నారు కదండీ. పోయినవాడు కాకపోతే లేవడమేముంది?"

నాయుడు పన్ను వైపు చూశాడు, ముసలాయన వైపు చూశాడు, పందిరి నిండా ఉన్న తన బస్సు ప్రయాణికుల వైపు చూశాడు. "డాక్టరు సరేనంటేనే" అన్నాడు.

సోమవారం డాక్టరు దూది తీసి, లోపల లైటు వేసి చూసి, బాగా మానుతోందన్నాడు. "బాగా విశ్రాంతిగా ఉన్నట్టున్నావే" అని మెచ్చుకున్నాడు కూడా. నెల తిరిగేసరికి ముక్కు గొట్టంతో మిషను పెట్టుకుని సాకియూసా రాత్రంతా చడీచప్పుడు లేకుండా నిద్రపోతున్నాడు. పగలు నీలం బస్సు నడుపుతున్నాడు.

ఆ బస్సెక్కే జనం మాత్రం, టిక్కెట్టు తీసుకునే ముందు ఒకసారి డ్రైవరు ముక్కు వైపు చూసుకుంటారు.