ఇన్‌స్పెక్షన్ వంతెన

ఒక పెద్ద అడవిలో చదువు మరీ ఎక్కువైపోయింది. నడుమ ఒక వాగు. దాని పడమటి గట్టున ఒక ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం, తూర్పు గట్టున ఇంకొకటి. పడమటి దానికి నక్క వీసీ, తూర్పు దానికి ఎలుగుబంటి వీసీ. వాగు మీద మాత్రం వంతెన లేదు.

వానాకాలం వస్తే పడమటి గట్టు మునుగుతుంది. అక్కడి జింకలు మెరక మీదున్న తూర్పు గట్టుకి ఈదుకుంటూ పోవాలి. కిందటేడు అలా ఈదుతూనే ఒక లేడి తన పెద్దపిల్లని వాగులో పోగొట్టుకుంది. ఇక మిగిలింది ఒక్క చిన్నకూన. లేడి వెళ్ళి సింహం ముందు ఏడిస్తే, "రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి పరిశోధించి వంతెన కట్టండి" అని సింహం నిధులిచ్చింది.

ఇక చూడండి వైభవం. అవగాహన ఒప్పందం కుదిరింది. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు దిగారు. వంతెన మీద ఒక సదస్సు జరిగింది. ఆ సదస్సు ఎంత బాగా జరిగిందో చెప్పుకోవడానికి ఇంకో సదస్సు జరిగింది. లేడి వచ్చి అడిగినప్పుడల్లా నక్కది ఒకటే మాట.

"పరిశోధన నడుస్తోందమ్మా. తొందరపడితే ఎలా?"

నిజం చెప్పాలంటే ఆ రెండింటి అసలు సహకారం వేరే ఉంది. రెండు చోట్లకీ కలిపి ఉన్నది ఒకే ల్యాబు, ఒకే తాబేలు ప్రొఫెసరు. ఎటు ఇన్‌స్పెక్షన్ ఉంటే అటు సామానుతో సహా వెళ్ళి, అక్కడే పుట్టి పెరిగినట్టు కూర్చునేవారు తాబేలు మాస్టారు. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడూ వేసవిలోనే, వాగు ఎండి ఉన్నప్పుడే జరిగేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఈసారి ఇన్‌స్పెక్షన్ కమిటీ అధ్యక్షులు ఏనుగుగారికి వేసవంతా పెళ్ళి ఊరేగింపులకే సరిపోయింది. తీరుబడిగా వానాకాలంలో బయల్దేరారు. పొద్దున పడమటి గట్టు, మధ్యాహ్నం తూర్పు గట్టు చూస్తానన్నారు.

పొద్దున అంతా బాగానే జరిగింది. ఏనుగుగారు ల్యాబు చూసి, తాబేలు మాస్టారిని మెచ్చుకుని, నక్క తెప్పించిన చెరకు మోపు తిని కునుకు తీశారు. ఈలోగా కొండ మీద వాన కురిసి వాగు పొంగింది.

అవతలి గట్టు నుంచి ఎలుగు కేకేసింది. "నక్కగారూ, మాస్టారినీ ల్యాబునీ పంపండి."

"ఎలా పంపను? వంతెనేది?"

"వంతెన మీద పరిశోధన చేస్తున్నది మీరే కదా."

"మీరూ చేస్తున్నారు కదా."

ఇక ఎలుగు, గట్టు కోసుకుపోయి అప్పటికే వాలి ఉన్న మద్దిచెట్టుని భుజంతో నెట్టి వాగుకి అడ్డంగా పడేసింది. ఇవతల నక్క దగ్గర చదివే కోతులు కొమ్మలు పట్టి లాగి, రాళ్ళు పేర్చి బిగించాయి. ఏనుగుగారి గురక ఇంకా ఆగనే లేదు, వంతెన తయారైంది.

ఇంతోటి పని ముందే చేసి ఉంటే నా బిడ్డ బతికేదే అనుకుంది లేడి. అయినా ఇది పోట్లాడే వేళ కాదనుకుని, కూననీ తక్కిన జింకలనీ వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి వచ్చింది.

"ఆగండాగండి" అంది నక్క. "ఇది ఇన్‌స్పెక్షన్ వంతెన. మీది ఇంకా పరిశోధనలో ఉంది."

"అలాగే బాబూ" అంది లేడి. "మరి ఈ సామానంతా ఎవరు మోస్తారు? మాస్టారు నడిచి దాటేసరికి ఏనుగుగారు లేచి స్నానం కూడా చేసేస్తారు."

నక్క సరేనంది. సామాను జింకల వీపులకెక్కింది. మాస్టారు లేడి వీపెక్కారు. కూన తల్లి వెనకే, కాలి గిట్ట తడవకుండా దాటింది.

ఏనుగుగారు లేచి, వాగులో దిగి నడిచి వెళ్ళిపోయారు. ఆయనకది పొట్ట కూడా తడవని లోతు. వంతెన వైపు చూడనైనా లేదు.

తూర్పు ల్యాబులో మాత్రం ఒక్క క్షణం ఆగారు. "మాస్టారూ, మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందే."

"తాబేళ్ళన్నీ ఒకేలా ఉంటాయండి."

"అదీ నిజమే" అని ఏనుగుగారు రెండింటికీ మొదటి శ్రేణి ఇచ్చేశారు. "రెండు చోట్లా ప్రమాణాలు అచ్చం ఒకేలా ఉన్నాయి. సహకారమంటే ఇదీ."

ఇవతల నక్కకి కొత్త బెంగ పట్టుకుంది. వంతెన ఉందని సింహానికి తెలిస్తే పరిశోధన అయిపోయినట్టే, నిధులు ఆగిపోయినట్టే. ఎలుగుకి సైగ చేసింది. అటునుంచి అది, ఇటునుంచి ఇది, చెట్టుని వాగులోకి తోసేశాయి. అంత ఒద్దికగా అవి ఎన్నడూ పనిచెయ్యలేదు.

చెట్టు కొట్టుకుపోయాక నక్కకి బుద్ధి వెలిగింది. "ఎలుగుగారూ, మా మాస్టారూ మా ల్యాబూ అటే ఉండిపోయాయి. పంపండి."

"ఎలా పంపను? వంతెనేది?" అంది ఎలుగు. "పరిశోధన నడుస్తోంది. తొందరపడితే ఎలా?"

లేడి ఇదంతా మెరక మీదినుంచి చూసింది. ఏనుగుగారు తిరుగుప్రయాణం అవుతుంటే ఎదురెళ్ళి నమస్కరించింది.

"అయ్యా, ఇకనుంచి ఏటా వానాకాలంలోనే రండి."

"చదువంటే నీకెంత శ్రద్ధ" అని ఏనుగుగారు మురిసిపోయారు.

"మా పిల్లలు దాటాలి గదండీ" అంది లేడి.

నీతి: వాగు దాటాలంటే వంతెన అడగకూడదు, ఇన్‌స్పెక్షన్ అడగాలి.