తాయారమ్మగారి నిరాశ్రయ దీక్ష

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అట్లాంటిట్లాంటి పెద్దది కాదు, ఈ చివర పెళ్లిపిలుపులకు బయల్దేరిన కుందేలు ఆ చివరికి చేరేసరికి పెళ్లికూతురికి మనవలు పుట్టేసేవాళ్లు, అంత పెద్ద అడవిలో పునుగుపిల్లి తాయారమ్మ ఉండేది. వయసు మళ్లినా వాసన మళ్లలేదు. సభలోకి ముందు ఆవిడ పరిమళం వచ్చి కూర్చునేది, తర్వాత మాట, ఆ తర్వాత ఆవిడ.

ఆవిడ నోట్లో పడ్డది ఏదీ పడ్డట్టే బయటికి వచ్చేది కాదు. చీమ కుడితే తేలు అనేది. జల్లు పడితే ఏరు పొంగిందనేది. అబద్ధాలకోరు కాదు పాపం, ఉన్నదానికి కాస్త నెయ్యి వేసేది, అంతే.

ఆవిడ కాపురం కొండ అంచున, బండరాయి కింద లోతైన బొరియలో. ఎంత వాన కొట్టినా లోపల పొడిగా, వెచ్చగా ఉండేది. గోడకి అడుగున వరసగా చిన్న చిన్న గీతలుండేవి. వచ్చిన చుట్టాలందరికీ వాటిని చూపించి, ఇవి వెయ్యేళ్లనాటి చెక్కడాలనేది. ఎవరు చెక్కారని అడిగినవాళ్లకి రెండోసారి ఫలహారం అందేది కాదు.

ఆ అడవిలో ఒక చట్టం ఉంది. తొలకరి మొదటి చినుకు పడే వేళకి ఎవరు ఏ ఇంట్లో ఉంటే, వచ్చే ఏడాది తొలకరి దాకా ఆ ఇల్లు వాళ్లదే. ఈ చట్టం ఎప్పుడు చేశారయ్యా అంటే, అడవి జవాన్లంతా సరిహద్దు వాగు దగ్గర దుమ్ములగొండులతో కొట్లాడుతున్నప్పుడు. వాళ్లు గెలిచి, కుంటుకుంటూ తిరిగొచ్చేసరికి చినుకు పడనే పడింది. ఒక్కో జవాను ఇంట్లో ఒక్కో పెద్దమనిషి కాళ్లు చాపుకుని ఉన్నాడు. సభవారు జవాన్లకు తలా ఒక శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. శాలువాలతో వాళ్లు చెట్ల కిందికి చేరారు.

ఇదేమిటని అడుగుదామంటే రెండో చట్టం అడ్డొచ్చింది. ఇల్లు లేనివాళ్లు సభలో మాట్లాడకూడదు.

ఆ జవాన్లలో ముళ్లపంది గురువులు ఒకడు. హవల్దారు. వాగు దగ్గర సగం ముళ్లు పోగొట్టుకొచ్చాడు, చెట్టు కింద వానల్లో దగ్గు సంపాదించుకున్నాడు. ఇంకో వానాకాలం ఆరుబయట గడిపితే దక్కడని వైద్యుడు కొంగ చెప్పేశాడు.

ఒకనాడు విందుకు వెళ్తూ తాయారమ్మ ఆ దగ్గు విన్నది. విన్నందుకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ కన్నీళ్లతో కుండలు నిండాయని విందులో చెప్పింది. మర్నాటికల్లా మాజీ జవాన్ల గృహసాయ సంఘం పుట్టింది. ఆవిడే అధ్యక్షురాలు, ఆవిడ బొరియే కార్యాలయం.

చందాలు బాగానే వచ్చాయి. తేనె ఇచ్చినవారు తేనె, ఇప్పపూలు ఇచ్చినవారు ఇప్పపూలు ఇచ్చారు. పందిరికి కొంత, దండలకు కొంత, నెమలి నాట్యానికి మరికొంత పోగా, జవాన్లకు అవగాహన మిగిలింది.

ఆ అవగాహన పెంచడానికే తాయారమ్మకి గొప్ప ఆలోచన తట్టింది. పెద్దలందరూ ఒక పూట ఇళ్లు వదిలేసి మైదానంలో కూర్చోవాలి. నిరాశ్రయుల బాధ నిరాశ్రయంగా ఉండి తెలుసుకోవాలి. పొద్దున దండలు వేసుకుని కూర్చోవడం, మధ్యాహ్నం నిమ్మరసం తాగి లేవడం. తొలకరికి ఇంకా చాలా రోజులుందని అందరి ధీమా.

సభాపతి తోడేలు వీరభద్రయ్యకి ఒకటే సందేహం.

"పందిరి కిందే కదమ్మా? ఎండలో కాదు కదా?"

"పందిరి లేకుండా దీక్షేమిటండీ, మరీ మొరటుగా," అంది తాయారమ్మ.

చట్టాలు రాసిన గుడ్లగూబ పంతులు మాత్రం, తనకు పగలు నిద్రొస్తుందనీ, మైదానం పక్కనున్న తన తొర్రలోంచే దీక్షలో పాల్గొంటాననీ చెప్పుకున్నాడు. సరేనన్నారు.

అందరూ బయట కూర్చుంటే ఇళ్లకి కాపలా ఎవరు? ఎలుకలు, కోతులు ఊరుకుంటాయా? అడవి మొత్తం మీద నమ్మదగ్గవాళ్లు ఎవరా అని ఆలోచిస్తే జవాన్లే కనిపించారు. జీతం ప్రసక్తి రాలేదు. వాళ్ల కోసమే కదా దీక్ష.

ఆ పొద్దున గురువులు దగ్గుకుంటూ తాయారమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. బొరియలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"కాపలా బయటుండి కాయాలా అమ్మగారూ, లోపలా?"

"లోపలే నాయనా. బూరుగుదూది పరుపుంది, వెయ్యేళ్లనాటి చెక్కడాలున్నాయి. ఆకాశం విరిగి మీద పడ్డా సరే, నా మెళ్లో దండ తీసేదాకా కదలకు."

"చిత్తం," అని గురువులు లోపలికెళ్లి, ఇల్లు తెలిసినవాడిలా చీకట్లో ఎక్కడా తల తగలకుండా కూర్చున్నాడు.

దీక్ష దివ్యంగా సాగింది. నెమలి ఆడింది, తోడేలు నిట్టూర్చాడు. నిమ్మరసం వచ్చే వేళకి తాయారమ్మ రెండు ముక్కలు మాట్లాడతానని లేచి పందిరి ముందుకొచ్చింది. మన గురువులు ఒంటిచేత్తో నలుగురు దుమ్ములగొండులను తరిమాడంది. చప్పట్లు పడ్డాయి. నలభై మంది అంది. ఇంకా గట్టిగా పడ్డాయి. నాలుగు వందలకి వచ్చేసరికి సూర్యుడు కనబడకుండా పోయాడు.

వైద్యుడు కొంగ మెడ సాచి మబ్బు చూపించాడు. జనం ఒక్కొక్కరే తలెత్తి పైకి చూడసాగారు. కన్నీళ్లు ఆపుకోలేక చూస్తున్నారనుకుని ఆవిడ నాలుగు వేలకి వెళ్లింది.

అప్పుడు ఆవిడ ముక్కు మీద టప్పున చినుకు పడింది.

తొర్రలో గుడ్లగూబ పంతులు ఒక కన్ను తెరిచాడు. "తొలి చినుకు. ఏ ఇంట్లో ఉన్నవాళ్లకి ఆ ఇల్లే ఖాయం," అని కన్ను మూశాడు.

ఆ తర్వాత జరిగిన పరుగు చూసి తీరాలి. పందిరి ఒకవైపు, నిమ్మరసం ఒకవైపు. తోడేలు గుహ ముందుకెళ్లేసరికి కుంటి రేచుకుక్క జవాను లోపలినుంచి సెల్యూట్ కొట్టాడు, అడుగు మాత్రం కదపలేదు. అందరి గుమ్మాల్లోనూ అదే సెల్యూట్.

తాయారమ్మ ఆయాసపడుతూ బొరియ దగ్గరకు చేరింది.

"గురువులూ, ఇక రా నాయనా. వానొచ్చింది."

"తమరు ఆకాశం విరిగి పడ్డా కదలొద్దన్నారమ్మగారూ. దండ ఇంకా మెళ్లోనే ఉంది."

ఆవిడ దండ లాగి బురదలోకి విసిరేసింది. "ఇదిగో, తీశాను. డ్యూటీ అయిపోయింది."

"అయిందమ్మా. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను."

తాయారమ్మ ఎదుటివాడి మాటకి తలూపింది. అడవి చరిత్రలో అది మొదటిసారి. చివరికి, పోనీ ఆ చెక్కడాలైనా జాగ్రత్తగా చూసుకోమంది.

"ఎందుకు చూసుకోనమ్మా. మా పెద్దాడికి పళ్లొచ్చేటప్పుడు కొరికిన గుర్తులు. వాడు ఇప్పటికీ వాగు దగ్గరే కాపలా ఉన్నాడు. వస్తే చూపించాలి."

ఆవిడ వాన కేసి తిరిగి కూర్చుంది. వచ్చిన చుట్టాలందరికీ ఆ గీతల గురించి తను చెప్పిందంతా ఒక్కొక్కటే జ్ఞాపకమొచ్చింది. శిల్పి పేరు కూడా ఒకరికి చెప్పినట్టు గుర్తు.

అటు మైదానంలో తోడేలు, ఆ దిక్కుమాలిన చట్టం ఇప్పుడే కొట్టేద్దామని గొంతు చించుకుంటున్నాడు. గుడ్లగూబ పంతులు తొర్రలోంచి మర్యాదగానే చెప్పాడు, ఇల్లు లేనివాళ్లు సభలో మాట్లాడకూడదని.

వాన పెరిగింది. కాసేపటికి గురువులు బయటకొచ్చాడు, గుమ్మంలో ఒక కాలు ఉంచి మరీ. చేతిలో, గెలిచొచ్చిననాడు సభవారు కప్పిన శాలువా ఉంది. దులిపి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"బాగా తడిశారా అమ్మగారూ?"

"నిలువునా తడిసిపోయాను గురువులూ," అంది తాయారమ్మ. అందులో నెయ్యి చుక్క కూడా లేదు. తనకే నవ్వొచ్చింది, దాంతోపాటు తుమ్మూ వచ్చింది.

"లోపల ఇద్దరికి చోటుందమ్మా. ఇప్పుడే రమ్మనేవాణ్ణి," అన్నాడు గురువులు మబ్బుల కేసి చూస్తూ. "కానీ సాయంత్రం దాకా ఉండండి. కాస్త అవగాహన పెరగనివ్వండి."

ఇందులోంచి ఆ అడవి పెద్దలు నేర్చుకున్నది ఒక్కటే: ఎదుటివాడి కష్టం ఒక పూట అనుభవించి చూడాలంటే, ముందు మబ్బు లేని పూట చూసుకోవాలి.