గౌరీదేవి మీద ప్రయోగం

సోనారి బంగారురాజుకు ముప్పై రెండేళ్లు క్రేను నడిపిన చేతులున్నాయి గానీ, పెళ్లాన్ని "ఊరెళ్లకు" అనగలిగే నోరు లేదు. గౌరీదేవేమో పలాసలో చెల్లెలి దగ్గర నెల్లాళ్లు ఉండొస్తానని పెట్టె సర్దుతోంది. నెల్లాళ్లే! ఆవిడ కూరగాయలకు వెళ్లి పావుగంట ఆలస్యమైతేనే ఆయన గేటు దగ్గర నిలబడతాడు, గాలి కోసమని.

అప్పుడే మనవరాలు యోగిత బి.ఏ. మనస్తత్వశాస్త్రం పుస్తకం కంటబడింది. మొదటి పాఠం ప్రవర్తనావాదం. చేసిన పనికి బహుమానం దొరికితే ఏ ప్రాణైనా ఆ పనే మళ్లీ చేస్తుందట. మీట నొక్కితే బరువు లేస్తుందని క్రేను మనిషికి వేరే చెప్పాలా?

గౌరీదేవి పెట్టెలోంచి చీర బయటికి తీసినప్పుడల్లా వేడి జిలేబీ తెచ్చిపెట్టాడు. తొలిరోజు రెండు చీరలు తీసింది. మర్నాడు ఐదు. మూడోరోజు ఆవిడ సర్దడం, తీయడం. ఈయన బజారుకు పోవడం, రావడం.

హిందీ ఊళ్లో పుట్టి పెరిగిన యోగిత పడీపడీ నవ్వింది. "తాతా, ట్రైనింగ్ నానమ్మ కీ నహీఁ, ఆప్ కీ హో రహీ హై!"

శిక్షణ పెళ్లానికి కాదు, తనకే జరుగుతోందని తెలిశాక ఆయన పేజీ తిప్పాడు. మనోవిశ్లేషణ. కోరికల వేళ్లు చిన్నతనంలో ఉంటాయట. తవ్వి తీస్తే పట్టు సడలుతుందట. భార్యను మడతమంచం మీద పడుకోబెట్టి, తలవైపు కుర్చీ వేసుకున్నాడు.

"సిన్నప్పుడు మీ సెల్లితో ఏటి జరిగింది? సెప్పు."

"జ్వరవేటి మీకు?"

"సెప్పవే, బరువు దిగుద్ది."

దిగలేదు. జీడితోటలు, ఇద్దరికీ ఒకే దుప్పటి, చెల్లి అత్తారింటికి పోతుంటే బండి వెనక పరుగెత్తడం... రెండు గంటలు చెప్పి, ముక్కు చీదుకుని లేచింది.

"దాన్ని ఇన్నేళ్లు ఎలా ఒగ్గేసానండీ! నెల కాదు, రెణ్ణెల్లుంతాను."

బంగారురాజు గబగబా పుస్తకం తెరిచాడు. మూడో పాఠం గెస్టాల్టు. ముక్కలు కాదు, మొత్తం చూడమంది. చూశాడు. మొత్తం ఇల్లు ఖాళీగా కనబడింది.

ప్రయాణం నాడు పొద్దున్నే ఆటో వచ్చేసింది. మిగిలింది ఆఖరి పాఠం, మానవతావాదం. లోపల ఉన్నది ఉన్నట్టు చెప్పుకోమంటుంది. క్రేను కింద నిలబడ్డవాడిలా బిక్కుబిక్కుమంటూ గొంతు సవరించుకున్నాడు.

"గౌరీ... ఎల్లకే."

"ఏటి?"

"నువ్వు నేపోతే నాకు ముద్ద దిగదు. ఎల్లకు."

గౌరీదేవి ఫోను తీసి చూపించింది. తిరుగు టిక్కెట్టు. పదోరోజుకే ఉంది.

"ఇదెప్పుడు తీసేవు?"

"రానూపోనూ ఒకేపాలి తీయించాను, యోగిత సేత."

"మరి నెలన్నావు, రెణ్ణెల్లన్నావు?"

"పది రోజులంటే మీరు ఊఁ అని పేపరు సదూకుంతారు. ఆ మాట మీ నోట రావాలంటే ఎన్నాళ్లనాలో సూద్దారనుకున్నాను. నెలకి రానేదు. రెణ్ణెల్లకి వచ్చింది."

బంగారురాజు తలుపు గొళ్లెం కేసి శ్రద్ధగా చూశాడు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు.

"ఇంకోపాలి అనండి," అంది గౌరీదేవి.

"ఎల్లకే."

కళ్లు మూసుకుని తీరిగ్గా విన్నది. తర్వాత కొంగు దోపుకుంది.

"బాగుంది. ఇప్పుడు ఆ పెట్టె ఆటోలో పెట్టండి."

పెట్టాడు.