లిఫ్టు తాళంచెవి ఐదుగురి దగ్గరే ఉండాలి

ప్రజాస్వామ్యమంత దండగమారి శ్రమ మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. తిట్టుకోకుండా వినండి!

ఊరందరినీ కొద్దిమందే ఏలితే, దానికి పాతకాలం గ్రీకులు ఒలిగార్కీ అని పేరు పెట్టారు. ఆ కొద్దిమందీ ఎవరయ్యా అంటే, చరిత్రలో ఎక్కువసార్లు డబ్బున్నవాళ్లు, ఆ తర్వాత వాళ్ల కొడుకులు, అల్లుళ్లు. మిగతా ఊరికి ఎంత విశ్రాంతి!

మా నాలుగంతస్తుల బిల్డింగులో ఆ వైభవం ఇంకా నడుస్తోంది. నలభై కాపురాలకు ఐదుగురు కమిటీ. కమిటీలో చేరాలంటే కమిటీ అనుభవం ఉండాలి. అనుభవం రావాలంటే కమిటీలో చేరాలి. ఇంత పకడ్బందీ రాజ్యాంగం ఏ దేశానికుందో చెప్పండి?

అప్పట్లో ఐదుగురూ మొదటి అంతస్తులోనే ఉండేవారు. అందుకే, వాడితే లిఫ్టు పాడైపోతుందని అందరికన్నా ముందు కనిపెట్టారు. దానికి తాళం వేసి, తలా ఒక తాళంచెవి దగ్గర పెట్టుకున్నారు. పై అంతస్తుల వాళ్ల కాళ్లు ఎంత గట్టిపడ్డాయో! మా ఆవిడ మాత్రం కాలు విరిగి, సిమెంటు కట్టుతో రెండు నెలలు నాలుగో అంతస్తులోనే కూర్చుంది. నేను పదకొండు అర్జీలు పెట్టాను. ప్రెసిడెంటు గారు, అంటే మందుల షాపాయన, అన్నీ ఓపిగ్గా చదివి "మీ దస్తూరి బాగుందండీ" అన్నారు.

అంతలో ఐదుగురిలో ఒకాయన ఇల్లు మారాడు. ఆ చోటు నాకిచ్చారు! అనుభవం ఎక్కడిదంటారా? ఓ మీటింగులో ప్రెసిడెంటు గారికి మైకు పట్టుకున్నాను. దాన్ని పరిగణనలోకి తీసుకున్నారు.

మొన్న కట్టు విప్పించడానికి మా ఆవిడను లిఫ్టు ఎక్కించాను. ఎదురింటి పిన్నిగారు, ఆయాసం మనిషి, గోడ పట్టుకుని వచ్చారు.

"బాబూ, నేనూ ఆస్పత్రికే. నన్నూ దింపవా?"

"కమిటీ కుటుంబాలకేనండీ, రూలు. అర్జీ పెట్టండి, నేనే చదువుతాను."

మా ఆవిడ నావంక ఒక్క చూపు చూసి, చంకకర్రతో లిఫ్టులోంచి బయటికి వచ్చేసింది. "రండి పిన్నిగారూ, మనిద్దరం మెల్లగా మెట్లు దిగుదాం. ఆయనకు అర్జీలు చదివే పనుంది" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

నేనొక్కణ్నే లిఫ్టులో దిగి, కింద అరగంట నిలబడ్డాను. పైనుంచి కర్ర చప్పుడు, మధ్యమధ్య ఇద్దరి మూలుగులూ వినబడుతున్నాయి. ప్రెసిడెంటు గారు వచ్చి నా భుజం తట్టారు. "మొదట్లో కాస్త ఇబ్బందిగానే ఉంటుందండీ."

నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రానికల్లా తగ్గిపోయింది.