సాగరసుఖంలో మూడో ‘వద్దు’

ఒక పెద్ద అడవి తూర్పుకి పెరిగి పెరిగి, సముద్రం అడ్డు రాబట్టి ఆగిపోయింది. ఆ చివర కొబ్బరిచెట్లు, తెల్ల ఇసుక, ఉప్పుగాలి. జంతువులు అటువైపు పెద్దగా వెళ్ళేవి కావు. తాగడానికి పనికిరాని నీళ్ళు అన్నేసి ఎందుకో వాటికి అర్థమయ్యేది కాదు.

ఇంతలో పక్క అడవివాళ్ళు తమ ఒడ్డున రిసార్టు కట్టారని సింహరాజుగారి చెవిన పడింది. ఆయనకి అన్నం సయించలేదు. సభ పిలిచి, “మనకీ ఒకటి ఉండాలి” అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పక్కవాళ్ళకి ఉంది కదా, అంతకంటే కారణం ఏం కావాలి?

మేనేజరు ఉద్యోగం గుంటనక్క పింగాక్షుడికి దక్కింది. హోటలు పని అతనికి ఒక్క ముక్క తెలియదు. కానీ తన అడవి జంతువుల సంగతి మాత్రం గోటి దగ్గర్నుంచి తోకదాకా తెలుసు.

ఆ అడవి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎవరైనా “తింటారా?” అని అడిగితే “వద్దు” అనాలి. రెండోసారి అడిగితే “అయ్యో, నిజంగా వద్దండీ” అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే, “మీరింతగా అంటున్నారు కాబట్టి” అంటూ కూర్చోవాలి. పెట్టినవాళ్ళు కూడా తోడుగా కూర్చుని తినాలి. తిండి ఎదురుగా ఉన్నా వడ్డించకుండా చెయ్యి పెడితే దొంగతనం కిందే లెక్క. ఒక కుందేలు ఎప్పుడో పొరపాటున మొదటిసారికే “సరే” అంది. దాని కూతురికి మూడేళ్ళు సంబంధాలు రాలేదు.

నక్క రిసార్టుకి ‘సాగరసుఖం’ అని పేరు పెట్టి గేటు మీద బోర్డు కట్టించాడు: “అన్నీ కలిపే! ఒక్క తేనెకుండ ఇవ్వండి, నాలుగు రోజులు తినండి.” కుండ ఇచ్చినవాళ్ళ ముంగాలికి ఎర్రతీగ కడతారు. ఆ తీగ ఉంటే పడక, స్నానం, భోజనం అన్నీ అందులోనే.

వడ్డనకి కొంగల్ని పెట్టుకున్నాడు. అవి పుట్టుకతోనే తెల్లగా ఉంటాయి, ఎప్పుడూ మెడ వంచే నిలబడతాయి. యూనిఫాం ఖర్చూ, శిక్షణ ఖర్చూ తప్పాయి.

“అతిథిని ఒక్కసారే అడగాలి” అని నక్క వాటికి పాఠం చెప్పాడు. “నవ్వుతూ అడగాలి. వద్దంటే ‘చిత్తం’ అని వెళ్ళిపోవాలి. తినండి తినండి అని మీద పడటం మోటు పద్ధతి. మనది రిసార్టు.”

“మరి ఆకలేస్తేనండీ?” అని ఒక కొంగ అడిగింది.

“వాళ్ళే అడుగుతారు.”

“మన అడవిలో ఎవరూ అడగరు కదండీ.”

“అడిగే అడవిలో అయితే నేను ఈ ఉద్యోగం తీసుకునేవాణ్ణే కాదు” అన్నాడు నక్క.

చెప్పొద్దూ, ఆ నక్కని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెలివిని మెచ్చుకోకుండా ఉండలేకపోవడం ఇంకా మంట.

వచ్చిన అతిథుల్లో ఒక ఎలుగుబంటి కుటుంబం ఉంది. కుటుంబమంటే కోడలు నల్లమ్మ, అత్తగారు పేరమ్మ. పేరమ్మకి నెల్లాళ్ళు జ్వరం వచ్చి తగ్గింది. ఎముకల మీద బొచ్చు కప్పినట్టుగా మిగిలింది. “గాలి మార్పు, కడుపు నిండా తిండి ఉంటేగానీ వర్షాకాలం గడవదు” అని అడవి వైద్యుడు తాబేలు తేల్చి చెప్పేశాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే తేనెకుండ. నల్లమ్మ దాన్ని గేటు దగ్గర ఇచ్చేసి, అత్తగారి ముంగాలికీ తన ముంగాలికీ ఎర్రతీగ కట్టించింది.

మొదటి పూట భోజనాలశాలలోకి అడుగు పెట్టగానే పేరమ్మ ముక్కు అదిరింది. పనసతొనలు, ఉడకబెట్టిన చిలగడదుంపలు, మామిడిపళ్ళు, కాల్చిన వంజరం చేపలు, దొప్పల్లో తేనె.

కొంగ వచ్చి మెడ వంచింది. “అమ్మగారూ, పనసతొనలు వడ్డించమంటారా?”

“అబ్బే, వద్దమ్మా. ఇప్పుడే దారిలో తిన్నాం” అంది పేరమ్మ. దారిలో వాళ్ళు తిన్నది దుమ్ము.

“చిత్తం” అని కొంగ వెళ్ళిపోయింది.

పేరమ్మ రెండో పిలుపు కోసం సర్దుకుని కూర్చుంది. మీసం దువ్వుకుంది. గొంతు సవరించుకుంది. కొంగ రాలేదు. అత్తగారు ముద్ద ముట్టనిదే కోడలు ముట్టకూడదు కాబట్టి నల్లమ్మ కూడా అలాగే కూర్చుంది. పూట అయిపోయింది. దొప్పలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి.

“ఏం మర్యాదండీ!” అంది పక్క బల్ల దగ్గరి జింక. కడుపు వెన్నుకి అంటుకుపోయింది దానికి. “రెండు రోజులైంది మేం వచ్చి. ఒక్కసారి కూడా బలవంతం చెయ్యలేదు. మా ఆయన ఇంత పెద్దరికం ఎక్కడా చూళ్ళేదంటున్నారు.”

“ఆయనేరీ?” అంది నల్లమ్మ.

“గదిలో పడుకున్నారు. కళ్ళు తిరుగుతున్నాయట. సముద్రపు గాలి పడి ఉంటుంది.”

రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నానికి పేరమ్మ ఊయల మంచం మీంచి లేవలేకపోయింది. “నాకేం, బాగానే ఉన్నానే అమ్మాయ్” అంది గానీ మాట సగంలోనే సన్నగిల్లిపోయింది. నల్లమ్మ ఉన్న ఒక్క కుండా ఇచ్చి తెచ్చింది అత్తయ్యని బతికించుకుందామని. ఇక్కడే చంపుకునేట్టుంది.

నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. వెనకాల కొట్టు తలుపు తెరిచే ఉంది. లోపల పనసపళ్ళు చూరుదాకా పేర్చి ఉన్నాయి. నక్క బొజ్జ మీద దొప్ప పెట్టుకుని, పళ్ళలోంచి పనసపీచు తీసుకుంటున్నాడు.

“మేనేజరుగారూ, మా అత్తయ్యకి మూడు రోజులుగా ముద్ద లేదండీ.”

“అయ్యయ్యో!” అని నక్క తాటాకుల కట్ట తీశాడు. “చూడండి. మొదటి పూట పనస, వద్దు. రెండో పూట దుంపలు, వద్దు. మూడో పూట మామిడి, వద్దు. ఇవి మీవాళ్ళ మాటలేనా?”

“మావేనండీ.”

“మరి పెద్దావిడ మాట కాదని వడ్డిస్తే ఆవిణ్ణి అవమానించినట్టు కాదూ?”

నల్లమ్మ వెనక్కి వస్తుంటే నక్క నవ్వుతూ, “పోనీ మీరేమైనా పుచ్చుకుంటారా?” అన్నాడు.

“అబ్బే, వద్దండీ” అంది నల్లమ్మ. గడప దాటాక నాలిక కరుచుకుంది.

ఒడ్డున కూలబడి ఏడుస్తుంటే ఒక ఎర్రపీత బొరియలోంచి తొంగి చూసింది. ఆ ఇసుకలోనే పుట్టి పెరిగిన మనిషి అది. ఎర్రతీగా లేదు, మొహమాటమూ లేదు.

“ఏటమ్మా, మొకం అలగెట్టేసినావు? ఆకలా?”

“అబ్బే, లేదు.”

“మరి కడుపెందుకలగ గోల పెడతంది?”

నల్లమ్మ జరిగిందంతా చెప్పింది. పీత రెండు కళ్ళూ పైకెత్తి విన్నది.

“మూడు పాల్లడగాలా? ఇదేటి గొడవమ్మా! మాకాడ అల ఒక్క పాలొస్తాది. దొరికింది నాగీసుకుని తినీడమే.” మళ్ళీ తనే అడిగింది, “ఆ నక్కబాబు ఏ ఊరోడు?”

“మా అడవివాడే.”

“అయితే మీ పద్ధతులు ఆడికీ ఉంతాయి కదేటి?”

నల్లమ్మ ఏడుపు ఆపి పీత వంక చూసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం సింహరాజుగారు స్వయంగా వచ్చారు. సాగరసుఖానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదని విని, నక్కకి ‘ఆతిథ్య శిరోమణి’ బిరుదు ఇవ్వడానికి వచ్చారు. గడువు తీరినవాళ్ళని కూడా ఆపి, అతిథులందర్నీ భోజనాలశాలలో కూర్చోబెట్టారు. పేరమ్మని ఏనుగు తొండంతో ఎత్తి తెచ్చి కూర్చోబెట్టింది.

కొంగ రాజుగారి ముందు మెడ వంచింది. “ప్రభూ, వంజరం చేప వడ్డించమంటారా?”

రాజైనా ఆ అడవిలో పుట్టినవాడేగా. “అబ్బే, ఇప్పుడెందుకు, వద్దు” అన్నారు సింహరాజుగారు.

“చిత్తం” అని కొంగ చేప పట్టుకుని వెళ్ళిపోయింది.

రాజుగారి విషయంలో రూలు వేరని నక్క కొంగలకి చెప్పడం మరిచిపోయాడు. అప్పటికే సభ మొదలైంది, ఉపన్యాసం ఇవ్వక తప్పలేదు. సింహరాజుగారు చేప వెళ్ళిన వైపే చూస్తూ కూర్చున్నారు.

“ఈ రిసార్టులో ఆకలితో ఉన్నవారు ఒక్కరు లేరు” అన్నాడు నక్క. “ఉంటే లేచి చెప్పవచ్చు.”

ఎవరు లేస్తారు? నలుగురిలో ఆకలని చెప్పుకోవడం కంటే చావడం నయమని వాళ్ళ పెంపకం. రాజుగారి కడుపు మాత్రం ఒకసారి గట్టిగా గర్జించింది. అందరూ అది జయధ్వానం అనుకుని చప్పట్లు కొట్టారు.

అప్పుడు నల్లమ్మ లేచింది.

“ప్రభూ, మాకేం లోటు లేదు. కానీ నాలుగు రోజులుగా మేనేజరుగారు ఒక్క పూట కూడా మా పంక్తిలో కూర్చుని తినలేదు. మాకోసం నిలబడి నిలబడి సగమైపోయారు. బిరుదిచ్చే రోజు ఆయన ఆకలితో ఉండటం మనందరికీ తలవంపులు. తలా ఒక ముద్ద తినిపిద్దాం. పెట్టినవాళ్ళు తోడు తినాలి గనక, ఆయన కోసం మనం కూడా కాస్త శ్రమ పడదాం.”

సభ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. “శ్రమ పడదాం!” అని సింహరాజుగారు అందరికంటే ముందు అరిచారు. “కొట్టులో ఉన్నదంతా తెండి!”

ముందు రాజుగారే చేప తీసుకున్నారు. “పింగాక్షా, తిను.”

“వద్దు ప్రభూ.”

“మొదటి వద్దు” అన్నారు రాజుగారు తృప్తిగా. “తిను నాయనా.”

“నిజంగా వద్దు ప్రభూ!”

“రెండోది.” రాజుగారు నక్క చెయ్యి పట్టుకుని లాగి నోట్లో చేప కుక్కారు. తోడుగా తాము మూడు తిన్నారు.

తర్వాత జింక వచ్చింది, దాని మొగుడు వచ్చాడు. అడవిపంది దుంపలు తెచ్చింది. ఏనుగు ముద్ద కలిపింది. ఏనుగు ముద్ద ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. ప్రతి ముద్దకీ నక్క రెండుసార్లు వద్దనడం, మూడోసారి నోరు తెరిపించడం, పెట్టినవాళ్ళు తోడుగా కడుపారా తినడం.

“ఓరి కొంగల్లారా!” అని నక్క అరిచాడు. “అతిథి వద్దంటే గౌరవించాలని చెప్పానా లేదా?”

“చిత్తమండీ” అంది కొంగ. “మేమైతే ఒక్కసారే అడుగుతాం. వీళ్ళు స్టాఫు కాదు కదండీ.”

చివరికి నక్క ప్రాణం మీదికొచ్చి నిజం చెప్పేశాడు. “మహాప్రభో! నాకు ఆకలి లేదు! పొద్దుట్నుంచీ కొట్లో కూర్చుని తింటూనే ఉన్నాను! నాలుగు రోజులుగా తింటూనే ఉన్నాను!”

సింహరాజుగారి చెయ్యి ముద్దతో గాలిలో ఆగింది.

అప్పుడు పేరమ్మ నెమ్మదిగా లేచింది. అప్పటికే నలభై పనసతొనలు తోడు తిన్నది, గొంతు ఖణేల్‌మంది.

“ఎంత మొహమాటం ప్రభూ ఈ అబ్బాయిది! తినమంటారేమోనని ఎంత పెద్ద అబద్ధం ఆడుతున్నాడో చూడండి. అతిథులు పస్తులుంటే మేనేజరు కొట్లో కూర్చుని తింటాడా? అలాంటి కడుపు మన అడవిలో ఎవరికైనా ఉంటుందా?”

“ఉండదు!” అన్నారంతా.

“మరి కాస్త తేనె పట్టించండి పాపం” అంది పేరమ్మ. ఆవిడ నిజంగానే నమ్మి అందో, తెలిసే అందో నల్లమ్మ ఎప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళని అలాంటివి అడగకూడదు.

కొట్టు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా సన్మానం సాగింది. బిరుదు పలక నక్క మెడలో వెయ్యబోతే మెడ ఎక్కడుందో దొరకలేదు. పొట్ట మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అతను చాలా రోజులు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడని ఎర్రపీత చెప్పింది. పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా “ఏటైనా తింతావా బాబూ?” అని మూడుసార్లు అడిగేదట.

పేరమ్మ ఇంటికి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళింది. వెళ్ళేముందు అతిథుల తాటాకు మీద ఇలా రాయించింది: “భోజనం బాగుంది. మేనేజరుగారికే కాస్త మొహమాటం ఎక్కువ.”

ఇంతకీ ఆ అడవిలో పిల్లలకి ఇప్పుడు చెప్పే నీతి ఇది: ఆకలితో ‘వద్దు’ అంటే అందరూ నమ్ముతారు, కడుపు నిండాక ‘వద్దు’ అంటే ఒక్కరూ నమ్మరు.